దుప్పటి లేని ఫిర్యాదు

జనవరి నెల, రెండో ఆదివారం, ఉదయం పదింబావు. స్థలం భిలాయిలోని రుఆబాంధాలో మా ఇంటి ముందుగది. హాజరైనవారు: నేను, మా ఆవిడ, మా బావ, ఆయన మనవరాలు. బావ అంటే కాలం చేసిన మా అక్కయ్య భర్త. హాజరు కానివారికి వేరే వరస రాసే అలవాటు ఆఫీసు రోజుల నుంచి ఉండిపోయింది గనుక, ఆ వరసలో అక్కయ్య అని రాయబోయి కలం ఆపాను. చనిపోయినవారిని గైరుహాజరు కింద వేయవచ్చునో లేదో నాకు ఎవరూ చెప్పలేదు.

ఉప్మా తినడానికి నలుగురు కూడితే దానికి కూడా మినిట్సు ఏమిటని మా ఆవిడ నవ్వుతూ ఉంటుంది. ఉక్కు ప్లాంటులో క్రమశిక్షణ విభాగం గుమాస్తాగా ముప్ఫై ఆరేళ్లు, ఎవరు ఏ తప్పు చేశారు, ఎప్పుడు చేశారు, ఎవరు చూశారు అని టైపు కొట్టిన చేతికి మరో రకంగా రాయడం రాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రాసిన డైరీలు ఇనప బీరువా కింది అరలో ఏడాది వారీగా ఉన్నాయి. నా తరం వారిలో చాలామందికి ఈ జబ్బు ఉండేది. వాన పడిన రోజూ, విశాఖ వెళ్లే రైలు ఆలస్యమైన రోజూ, ఊరి నుంచి ఉత్తరం వచ్చిన రోజూ రాసుకునేవాళ్లం, రాసినది మనమే తప్ప ఎవరూ చదవరన్న ధీమాతో. ఆ ధీమా ఎంత పిరికిదో నాకు ఆ ఆదివారం తెలిసింది.

మనవరాలు రాయపూర్‌లో లా చదువుతోంది. వచ్చే వారం పరీక్ష. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి నోరు విప్పితే ముందు హిందీ వస్తుంది, దాని వెనక తీరిగ్గా తెలుగు వస్తుంది. ఇళ్లలో దొంగలు పడటం గురించిన పాఠాన్ని తనకు తానే అప్పజెప్పుకుంటూ నాలుగు వేళ్లు ఒక్కొక్కటిగా మడిచింది. మొదటిది, అది మనుషులు నివసించే ఇల్లో, సామాను దాచుకునే చోటో అయి ఉండాలి. రెండోది, లోపలికి ప్రవేశం జరగాలి. మనిషి మొత్తం వెళ్లనక్కరలేదు, కాలి బొటనవేలు గడప దాటినా చాలు. మూడోది, కన్నం వేసో, కిటికీలోంచి దూరో, తాళం తీసో వెళ్లి ఉండాలి. తాళంచెవితో తీసినా తీసినట్టే. నాలుగోది ఉద్దేశం. నేరం చేద్దామనో, లోపలివారిని బెదిరించి అవమానిద్దామనో మనసులో పెట్టుకుని వెళ్లి ఉండాలి. ఆ నాలుగో వేలు మడవకపోతే మిగతా మూడూ ఉన్నా దొంగ కాడు.

కొత్త చట్టం వచ్చింది కదా, ఇవి మారలేదా అని అడిగాను.

"నంబర్లు మారాయి తాతా, మాల్ వహీ హై," అంది, సరుకు అదేనన్నట్టు.

అప్పటిదాకా కునుకుతున్న మా బావ నిటారుగా కూర్చున్నాడు. ఆయనకు ఎనభై నాలుగేళ్లు, చెవులు మాత్రం పాతికేళ్లవి.

"ఎగ్జాంపుల్ కావాలేటే నీకు? మనింట్లోనే పడ్డాడు దొంగ. నానే పట్టుకున్నాను," అన్నాడు.

ఈ కథ నేను ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని గృహప్రవేశాలలో విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ట్రంకుపెట్టె కాస్త పెద్దదవుతుంది, దొంగ కాస్త ఎత్తు పెరుగుతాడు. ఈసారి దొంగ చేతిలోకి ఒక ఇనప చువ్వ కూడా వచ్చింది. నేను ఎప్పటిలాగే గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. కానీ ఈసారి వింటున్నది మేనత్తలూ తోడల్లుళ్లూ కాదు, చేతిలో కలం పట్టుకున్న పిల్ల. దొంగ బూట్లు ఎక్కడున్నాయని అడిగింది. చప్పుడు కాకుండా వరండాలో విప్పేశాడని బావ చెప్పాడు. చెల్లాచెదురుగానా, జోడీగానా అని అడిగింది. జోడీగానే. మరి చొక్కా? మేకుకు తగిలించేశాడు.

ఆ పిల్ల పకపకా నవ్వింది. "అరే తాతా, యే కైసా చోర్ హై? దొంగతనానికి వచ్చాడా, డ్యూటీ దిగి వచ్చాడా? మూడు వేళ్లు సరే. నాలుగోది చూపించు. ఇరాదా ఏదీ, ఉద్దేశం?"

బావ చూపుడువేలు నా వైపు తిరిగింది. "మీ చిన్నతాతని అడుగు. కంప్లైంటు రాసినోడు ఆడే. లా సదివినోడు గదా."

లా చదివినవాణ్ణి అనడం కూడా అబద్ధమే. సాయంకాలం క్లాసులకు రెండేళ్లు వెళ్లి మానేశాను. అయితే ఆ నాలుగు వేళ్లూ నాకు అప్పటికే వచ్చు. వచ్చు కాబట్టే ఆ పని చేయగలిగాను. లేచి లోపలికి వెళ్లి, బీరువా కింది అర ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఏడాది డైరీ తీశాను.

యాభై ఏళ్ల కిందటి మాట. అప్పటికి అక్కయ్యా బావా సెక్టర్ 4లో ఒక ప్లాంటు క్వార్టర్‌లోకి దిగి పన్నెండు రోజులైంది. సెక్టర్ క్వార్టర్లు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు, వీధి తర్వాత వీధి ఒకే అచ్చులో తీసినట్టు అదే వరండా, అదే ముందుగది, అదే కిటికీ, ఆ కిటికీ కింద ఎవరింట్లోనైనా అదే నవారు మంచం, ఎందుకంటే మంచం పట్టేది ఆ ఒక్కచోటే. వీళ్లకు ముందు ఆ ఇంట్లో, బొగ్గును కోక్‌గా కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసే శ్రీకాకుళం వైపు ఆయన ఒకాయన ఉండేవాడు. పిల్లలందరూ కోక్ ఓవెన్ మావయ్య అనేవారు. ఏడేళ్లు అక్కడ కాపురం చేసి, వెనక వీధిలో కాస్త పెద్ద క్వార్టర్ దొరికితే మారాడు. వెళ్తూ రెండు తాళంచెవులు అప్పగించాడు. మూడోది సైకిల్ తాళంచెవితో పాటు ఆయన మొలతాడుకే ఉండిపోయింది. కొత్త ఇంట్లో దిగగానే తలుపు తాళం మార్పించుకోవాలి. మార్పించమని బావకు రెండుసార్లు చెప్పినట్టు డైరీలో ఉంది. మార్పించలేదని కూడా ఉంది.

ఆ రోజు కోక్ ఓవెన్ మావయ్య తన బదులు రావలసినవాడు రాకపోవడంతో వరసగా రెండు షిఫ్టులు చేశాడు. పదహారు గంటలు ఆ వేడిలో నిలబడిన మనిషి ఉదయం ఆరింటికి సైకిలెక్కితే, ఆ సైకిల్‌కు ఏడేళ్లుగా తెలిసిన దారి ఒకటీ, మూడు వారాలుగా తెలిసిన దారి ఒకటీ ఉన్నాయి. ఏడేళ్ల దారే గెలిచింది. భార్య పురిటికి పుట్టింటికి వెళ్లింది కనుక ఏ ఇంట్లోనూ ఆయన కోసం ఎదురుచూసేవారు లేరు. వరండాలో బూట్లు విప్పి జోడీగా పెట్టాడు. తాళం తీశాడు. చొక్కా మేకుకు తగిలించాడు. ఆ మేకు ఒకప్పుడు తనే కొట్టుకున్నది కనుక చెయ్యి చూడకుండానే అక్కడికి వెళ్లి ఉంటుంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మా అక్కయ్య వీధి తలుపుకు తాళం వేసుకుని, వెనక కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతోంది. బావకూ ఆ రాత్రి డ్యూటీయే. లోపలికి వచ్చి చూస్తే మంచం మీద అటు తిరిగి పడుకున్న మగవాడు, వరండాలో బూట్లు, మేకుకు మసి చొక్కా. ఇక చూడటానికి ఏముంది? తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫ్యాను వేసింది, ఈగలు వాలకుండా నీలం చారల దుప్పటి భుజాల దాకా కప్పింది, తలవైపు స్టూలు మీద గ్లాసుడు నీళ్లు పెట్టింది. నేను బ్యాచిలర్ల హాస్టల్లో ఉంటూ ఆఫీసుకు ముందు అక్కయ్య దగ్గరే ఫలహారం చేసేవాణ్ణి. ఏడున్నరకు వెళ్లేసరికి వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. "సద్దు సెయ్యకురా, మీ బావ ఇప్పుడే పడుకున్నాడు." నేనూ మంచం వైపు చూశాను. నాకూ బావే కనిపించాడు. గిన్నె చప్పుడు కాకుండా వంటింట్లో కూర్చుని ఉప్మా తిన్నాను.

ఎనిమిదీ అయిదుకు కిరసనాయిలు డబ్బాతో మా బావ వీధి తలుపులోంచి వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా క్యూలో నిలబడ్డాడట.

అక్కయ్య ఆయన్ని చూసింది, మంచాన్ని చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు నవ్వబోయాను. బావ "దొంగ! దొంగ!" అని వీధి అదిరేలా అరిచి దుప్పటి లాగాడు. పడుకున్నాయన లేచి కూర్చుని, కళ్లు నులుముకుని, ఎంతో మర్యాదగా, "ఏటి బావూ, మా ఇంటికొచ్చినారు?" అన్నాడు. తర్వాత గోడకున్న క్యాలెండరు చూశాడు. మూలనున్న ట్రంకుపెట్టెలు చూశాడు. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నాకు కనిపించింది. మంచం దిగి అక్కయ్యకు చేతులు జోడించాడు. "తప్పయిపోనాది తల్లీ. నిద్దర మత్తు. పాత అలవాటున వొచ్చీసేను."

అంతటితో అయిపోవలసిన సంగతి అది. టీ తాగి పంపించి, పదేళ్లు చెప్పుకుని నవ్వుకోవలసిన సంగతి. కానీ బావ అరుపుకు వరండాలో చెప్పుల చప్పుళ్లు మొదలయ్యాయి. వచ్చేవాళ్లకు ఏం కనిపిస్తుందో ఆయనకు ఆ క్షణంలో తట్టింది. పరాయి మగవాడు, తన మంచం, భార్య కప్పిన దుప్పటి, తలాపున భార్య పెట్టిన నీళ్లు. దుప్పటిని ఉండచుట్టి వంటింట్లోకి విసిరాడు. నాకు ఎవరూ చెప్పలేదు. నేనే స్టూలు మీది గ్లాసు తీసుకువెళ్లి, నీళ్లు పారబోసి, గ్లాసు కడిగి బోర్లించాను. మురికి కాలువలో చెయ్యి పెట్టవలసి వచ్చిన రోజులు నా జీవితంలో ఉన్నాయి. అవేవీ ఆ శుభ్రమైన గ్లాసంత రోత పుట్టించలేదు.

ఇరుగుపొరుగువాళ్లు కోక్ ఓవెన్ మావయ్యను వరండాలో పట్టుకుని ఉండగా నేను అదే మంచం మీద కూర్చుని ఫిర్యాదు రాశాను. ఇల్లు ఉంది. ప్రవేశం ఉంది. తాళం తీయడం ఉంది. ఉద్దేశం లేదు. అది లేకపోతే మిగిలేది అలసిపోయిన ఒక మనిషి, అంతే. పెట్టె గొళ్లెం మీద చెయ్యి వేసి ఉండగా చూశామని రాయమన్నాడు బావ.

వంటింటి గుమ్మంలోంచి అక్కయ్య అంది, "దుప్పటి నానే కప్పేనని రాయరా తమ్ముడూ. మీ బావనుకున్నానని రాయి."

"నోర్ముయ్," అన్నాడు బావ. "ఇంట్లో దొంగ పడ్డాడంటే పరువు పోదు. ఆ ముక్క రాస్తే పోద్ది."

నేను ఇద్దరి వైపూ చూడలేదు. కాగితం వైపు చూసి, గొళ్లెం మీద చెయ్యి ఉందని రాశాను. నాలుగో వేలు నేను మడిచాను. నా దస్తూరి ఎప్పుడూ బాగుంటుందని పేరు.

ఠాణాలో ఆయన ఒకే మాట చెబుతూ వచ్చాడు. నిద్రలో ఎవరో నాకు దుప్పటి కప్పారు, ఆ తల్లిని అడగండి అని. ఫిర్యాదులో దుప్పటి లేదు. దొంగకు దుప్పటి ఎవరు కప్పుతారని అక్కడివాళ్లు నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, "బావూ, తమరు సూసేరు గదా," అన్నాడు. నేను గోడ గడియారం చూశాను. ఆ అలవాటు అక్కడ మొదలైంది.

కేసు రెండేళ్లు నడిచింది. ఎవరో వకీలు చెప్పగా, విసిగిపోయి, ఇంట్లోకి వెళ్లిన మాట వరకు ఒప్పుకుని చిన్న శిక్షతో బయటపడ్డాడు. ఒప్పుకున్నవాడికి ఉద్యోగం ఉండదు. ఉద్యోగం తీసివేస్తూ వచ్చిన ఉత్తర్వు టైపు కావడానికి మా విభాగానికే వచ్చింది, నా బల్ల మీదికే వచ్చింది. మూడు కార్బన్లు పెట్టి కొట్టాను. ఆ రోజు డైరీలో నేను రాసుకున్నది ఒకే వాక్యం: టైపులో తప్పులు లేవు.

ఆయన భిలాయి-3లో స్టేషను దగ్గర సైకిలు రిపేరు కొట్టు పెట్టుకున్నాడని తర్వాత విన్నాను. ఒకసారి పని మీద అటు వెళ్లినప్పుడు సరిగ్గా ఆ కొట్టు దగ్గరే నా సైకిలు టైరు పంక్చరైంది. తల వంచుకుని, మండుటెండలో, ఇంకో కొట్టు దొరికేదాకా సైకిలు నడిపించుకుంటూ పోయాను. ఇలాంటి పిరికితనాలకు చట్టంలో వేళ్లు లేవు.

మా అక్కయ్య ఆ తర్వాత నిద్రపోతున్నవాళ్లెవరికీ మొహం చూడకుండా దుప్పటి కప్పలేదు. తన పిల్లలైనా సరే, వంగి మొహం చూసేది. నానమ్మకు చత్వారమని మనవలు ఆటపట్టించేవారు. బావను ఒక్క మాట అనలేదు, నన్నూ అనలేదు. చివరి జబ్బులో మాత్రం ఒకనాటి మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని ఉండగా, "ఆ దుప్పటి మాట ఎప్పుడైనా రాసేవేటిరా?" అని అడిగింది. ఆ రోజు సాయంకాలమే డైరీలో అంతా రాశానక్కా అన్నాను.

"డైరీ ఎవుడు సదువుతాడ్రా?" అంది.

ఆ ఆదివారం డైరీతో ముందుగదిలోకి తిరిగి వచ్చి ఆ పేజీ పైకి చదివాను. దుప్పటి రంగుతో సహా ఉంది. గ్లాసు కడిగింది నేనని కూడా ఉంది. మనవరాలి నవ్వు ఎక్కడ ఆగిందో నాకు వినిపించింది. బావ టీ కప్పు సాసరు మీద పెట్టేశాడు.

"సచ్చిపోయినదాని పరువు తీస్తావేటిరా, ముసిలాడివై?" అన్నాడు.

"ఆవిడ కప్పింది దుప్పటే కదా బావా," అన్నాను. యాభై ఏళ్లు ఆలస్యంగా.

ఆయన లేచి మనవరాల్ని రమ్మన్నాడు. ఆ పిల్ల లేవలేదు. ఆటో పిలిపించుకుని ఒక్కడే వెళ్లిపోయాడు. గుమ్మం దిగుతున్న ఆ వీపు చూస్తే నాకు జాలి కలగవలసింది. కలగలేదు. అద్దంలో నన్ను నేను చూసుకున్నప్పుడు కలిగే ఏవగింపే కలిగింది. మా ఆవిడ తాగని టీ తీసుకువెళ్లి పారబోసింది. ఆవిడకు కూడా ఈ సంగతి అప్పుడే తెలియడం. మనవరాలు నోటుపుస్తకం మూసి, ఆ కోక్ ఓవెన్ మావయ్య వాళ్లు ఇప్పుడు ఎక్కడుంటారో తెలుసా తాతా అని మాత్రం అడిగింది.

మర్నాడు సోమవారం ఉదయం తన స్కూటర్ వెనక నన్ను కూర్చోబెట్టుకుని బయలుదేరింది. సెక్టర్ 4 మీదుగా పోనిమ్మన్నాను. ఆ క్వార్టర్ అలాగే ఉంది, కాకపోతే వరండాకు నిలువెత్తు ఇనప గ్రిల్లు, దానికి మూరెడు తాళం, పైన ఒక కెమెరా కన్ను. వీధి పొడవునా అంతే. పాత కాపురం తాళంచెవి కొత్తవాళ్ల తలుపుకు పట్టే రోజులు పోయాయి, మంచిదే. అలసిపోయినవాడు దారి తప్పి ఎవరింట్లోనో పడుకునే వీలూ పోయింది, వీపు చూసి నా మనిషేనని దుప్పటి కప్పే చేతులూ పోయాయి. మా తరం ఆ తలుపుల గురించి ఎంతో తీయగా చెప్పుకుంటుంది, గడియ వేయకుండా బతికాం అని. బతికాం. ఆ తెరిచిన తలుపులోంచి ఒక మనిషి నమ్మకంగా లోపలికి వస్తే ఏం చేశామో మాత్రం ఎవరమూ చెప్పుకోము.

భిలాయి-3లో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లయిందని దారిలోనే చెప్పారు. తలుపు తీసినది ఆయన భార్య. వెనక గోడ మీద దండ వేసిన ఫోటో కనిపిస్తోంది. ఎవరు మీరని అడిగితే, ఆ రోజు ఫిర్యాదు రాసినవాణ్ణి నేనేనని చెప్పాను. దుప్పటి కప్పినది మా అక్కయ్య అనీ, తన భర్త అనుకుని కప్పిందనీ, నేను చూశాననీ, రాయలేదనీ చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

ఆవిడ ఒకసారి మనవరాలిని, ఒకసారి నన్ను చూసింది. తర్వాత నాతో కాక తలుపు చెక్కతో మాట్లాడుతున్నట్టుగా మాట్లాడింది.

"సచ్చిపోయిందాకా సెప్పేడు. నిద్దట్లో ఎవులో దుప్పటి కప్పినారు, మాయమ్మే వొచ్చిందనుకున్నాను అని. ఎవులూ నమ్మనేదు. నానూ నమ్మనేదు బావూ. నాను పురిటికెళ్తే ఏ ఆడదాని ఇంటికో ఎల్లేడు, దొరికిపోయేడు అనుకున్నాను. నలభై ఏళ్లు అలగే సూసేను ఆ మనిషిని."

వెనక్కి తిరిగి ఫోటో వైపు చూసి, "నిజివేనంట," అంది. మమ్మల్ని కూర్చోమనలేదు. తలుపు మెల్లగా వేసేసింది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది.

తిరిగి వచ్చి డైరీ తీశాను. సోమవారం, ఉదయం ఎనిమిదీ ఇరవై, భిలాయి-3, గుమ్మం బయట. హాజరైనవారు: నేను, మనవరాలు, ఆయన భార్య. హాజరు కానివారి వరసలో ఈసారి కలం ఆపలేదు. అక్కయ్య అని రాశాను, దాని కింద కోక్ ఓవెన్ మావయ్య అని రాశాను.